హాజరు పలికిన గుమ్మడికాయలు

పిల్లల ముఖాలకు ప్రమాదం పొంచి ఉందని మా శాఖ కనిపెట్టిన నాటికి మా బడిలో ఇరవై ఇద్దరు పిల్లలున్నారు. ఇరవై రెండు ముఖాలూ ఉన్నాయి. లెక్క సరిపోయేది.

మాది జాతీయ రహదారికి ఈ పక్కనున్న చిన్న పాలెం. బడికి ప్రధానోపాధ్యాయుణ్ణీ నేనే, ఉపాధ్యాయుణ్ణీ నేనే, గంట కొట్టేవాణ్ణీ నేనే. రోడ్డుకు ఆ పక్కన పెద్ద బడి ఉంది. దానికి ప్రహరీ ఉంది, గేటు ఉంది, కెమెరాలు ఉన్నాయి. దానికీ మా పిల్లలకీ మధ్య బొగ్గు లారీలూ, రొయ్యల కంటైనర్లూ పరుగెత్తే నాలుగు వరసల రోడ్డుంది. పెద్దవాళ్ళం సైతం దేవుణ్ణి తలచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దాటే రోడ్డు అది. పిల్లలు లేని బడిని పెద్ద బడిలో కలిపేస్తారన్నది నియమం. అందుకని పాలెంలో ఎవరింట పురుడొచ్చినా, తండ్రి తర్వాత సంతోషించేవాణ్ణి నేనే.

నా భార్య పోయి నాలుగేళ్ళు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆవిడ నా గురించి పెద్దగా దిగులు పడలేదు. "మీకేమండీ, బడి పిల్లల మొహాలు చూసుకుంటూ రోజులు దొర్లించేస్తారు" అంది. దాదాపు అలాగే దొర్లుతున్నాయి.

రోజూ ఉదయం శాఖవారి హాజరు యాప్‌లో ఒక్కొక్క పిల్ల ముఖాన్నీ ఫోటో తీయాలి. ముఖం కనబడితే హాజరు. హాజరును బట్టి మధ్యాహ్న భోజనానికి గుడ్లు. వరసగా సున్న వస్తే విలీనం. ఆ యాప్‌తో నాకు పేచీ లేదు. ఫోన్ ఎత్తగానే పిల్లలందరూ జుట్టు తడి చేసుకుని సవరించుకునేవారు. ఆ కాస్త ముచ్చటకే దాన్ని క్షమించేశాను.

అలాంటి రోజుల్లో బాలముఖ సంరక్షణ ఉత్తర్వు వచ్చింది.

"అంతర్జాలమున సంచరించు అపరిచిత వ్యక్తుల బారినుండి బాలబాలికల వదనములను కాపాడు నిమిత్తము, పూర్వము నమోదైన ముఖములన్నియు తక్షణమే తొలగింపబడినవి. ఇకమీదట ఏ బాలుని లేక బాలిక ముఖమైనను ఏ ఎలక్ట్రానిక్ పరికరమునందును చిత్రీకరింపరాదు. ఈ ఉత్తర్వును అమలుపరచినట్లు రుజువుగా, లబ్ధిదారుల ముఖములు స్పష్టముగా కనబడు ఫోటోలను సాయంత్రములోగా అప్‌లోడ్ చేయవలెను."

రెండుసార్లు చదివి మా మండల విద్యాధికారి పరాంకుశం గారికి ఫోన్ చేశాను.

"నమస్కారమండీ. ముఖాలు తియ్యొద్దన్నారు, తీసి పెట్టమన్నారు. ఏది చెయ్యమంటారు?"

"మాస్టారూ, అవి వేరు వేరు పేరాలు. ఒక పేరాను తెచ్చి ఇంకో పేరాలో కలపకండి."

"అంటే?"

"రెండూ చెయ్యండి. పిల్లలచేత భద్రతా ప్రతిజ్ఞ చేయించండి. చేసినట్టు కనపడాలి. చేసినవాళ్ళు కనపడకూడదు. అంతే, సింపుల్."

పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెట్టి, చేతులు చాపించి, వెనకనుంచి ఫోటో తీశాను. రెండు జడలు, ఒంటి జడలు, కొబ్బరినూనె మెరిసే మాడులు, చిరిగిన ఒక కాలరు. నాలుగో తరగతి లోహిత మాత్రం మెడ వెనక్కి తిప్పి అడిగింది. ముందుపన్ను ఊడిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఏ ప్రశ్న వేసినా కొంచెం ఈల కలిసేది.

"మాస్టారండీ, గోడకి ప్రతిజ్ఞ సేత్తే గోడ పాటించాలా, మేం పాటించాలా?"

"ముందు తిరిగి నిలబడమ్మా. అది తర్వాత చూద్దాం."

ఉత్తర్వుతోపాటే వచ్చిన భద్రతా యాప్‌లో పచ్చ గుర్తు పడింది. మర్నాడు అదే ఫోటో హాజరు యాప్‌లో పెడితే, "ముఖము కనుగొనబడలేదు. హాజరు: సున్న" అంది.

ఆ మధ్యాహ్నం గుడ్లు రాలేదు. మా వంటమనిషి అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని గదిలోకి వచ్చేసింది.

"ఏటి మాస్టారూ, గుంటలు కళ్ళెదురుగా కూకునుంటే సున్నంటాడేటి? ఆడికి కళ్ళు నేవా?"

"ఉన్నాయమ్మా. చూడకూడదని ఉత్తర్వు."

"ఇది దిష్టే. పెద్ద ఇస్కూలోళ్ళ దిష్టి."

సాయంత్రానికల్లా ఆవిడ వంటపాక చూరుకు ఒక బూడిద గుమ్మడికాయను వేలాడదీసింది. దానికి సున్నంతో కళ్ళు, కాటుకతో కోరమీసాలు, కుంకుమతో ఇంత పొడుగు నాలుక. రోజూ తన కోళ్ళు పెట్టిన గుడ్లు కొంగులో తెచ్చి, ఉడకబెట్టి, దారంతో కోసి తలా ఒక ముక్క వడ్డించేది. దారంతో కోస్తే పచ్చసొన చెదరదు. ఎవరి ముక్కలో పచ్చసొన ఎక్కువుందని కాసేపు తగువు జరిగేది. ఆ తగువు వింటూ అన్నం తింటే నాకు కూర సరిపోకపోయినా తెలిసేది కాదు.

అయితే సున్నలు ఆగలేదు. ఒకరోజు పరాంకుశం గారే ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీ బడి వరసగా సున్న చూపిస్తోంది. నెలాఖరు దాకా ఇలాగే ఉంటే విలీనమే. నా చేతుల్లో ఏమీ లేదు."

"పిల్లలందరూ నా ఎదురుగానే ఉన్నారండీ. కావాలంటే వినండి." ఫోన్ పిల్లల వైపు చాపాను. ఏడో ఎక్కం హోరెత్తిపోతోంది.

ఆయన ఎక్కం పూర్తయ్యేదాకా ఓపిగ్గా విన్నారు. "బాగా చెప్తున్నారండీ. ఏడెనిమిదులు దగ్గర ఎవరో తడబడ్డారు. కానీ చెవికి వినబడితే హాజరు వేసే సదుపాయం యాప్‌లో లేదు."

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి చాలాసేపు రోడ్డు చూశాను. లోహిత తమ్ముడు ఒకటో తరగతి. వాడు మా వరండా మెట్లు దిగడానికే రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెట్టి ఆలోచిస్తాడు.

మర్నాడు ఉక్కగా ఉందని పిల్లల్ని వంటపాక ముందు నిలబెట్టి ఎప్పటిలాగే వీపుల ఫోటో తీశాను. ఫోన్ టింగుమంది.

"ముఖము కనుగొనబడినది. రోల్ నంబరు ఒకటి: హాజరు."

అందరి వీపులూ మళ్ళీ చూశాను. ఎవరూ తిరగలేదు. అప్పుడు ఫోటోలో పైమూల చూస్తే, చూరు కింద నాలుక చాపి గుమ్మడికాయ. పాత ముఖాలన్నీ ఉత్తర్వు ప్రకారం చెరిపేశారు గనుక, యాప్ తనకు కనబడ్డ మొదటి ముఖాన్ని మొదటి నంబరుకు రాసేసుకుంది.

మధ్యాహ్నం గుడ్ల వ్యాన్ గవరయ్య వచ్చాడు. పెద్ద అట్టపెట్టె రెండు చేతులతో దించి, అందులోంచి ఒక్క గుడ్డు తీశాడు.

"మీకొకటొచ్చిందండి మాస్టారూ. పగలకుండా అప్పజెప్పమన్నారు."

పిల్లలు ఆ గుడ్డు చుట్టూ చేరారు. అది ఎవరిదన్న చర్చ మొదలైంది.

"ఎవరిదేటి, గుమ్మడికాయదే. అదే కదా ఇవాళ ఇస్కూలుకొచ్చింది" అంది లోహిత. కాసేపు ఆలోచించి మళ్ళీ అంది: "అయితే మాస్టారండీ, మాకూ తలో గుమ్మడికాయ ఉంటే బాగున్ను."

మా పాలెంలో గుమ్మడిపాదు పాకని ఇంటికప్పు లేదు. మర్నాటికి ఇరవై ఇద్దరూ చంకలో ఒక్కో కాయతో వచ్చారు. నా ఉద్యోగంలో అంత నిశ్శబ్దంగా సాగిన డ్రాయింగ్ పీరియడ్ ఇంకోటి లేదు. ఎవరి ముఖం వాళ్ళు వేసుకున్నారు. ఒకమ్మాయి తన కాయకు రిబ్బను కట్టింది. ఒకడు కళ్ళజోడు గీశాడు. ఎవర్రా అంటే "మీరేనండీ" అన్నాడు. నాకు రోల్ నంబరు లేదని చెప్పి చెరిపించాను గాని, లోపల సంతోషంగానే ఉంది. లోహిత తన కాయకు చూరుకాయలాగే నాలుక చాపించి, పళ్ళు వేసి, ముందుపన్ను ఉండాల్సిన చోట బొగ్గుతో నల్లగా నింపింది.

హాజరు: ఇరవై రెండు. ఎర్ర సున్న పోయి యాప్ పచ్చబడింది.

దాపరికం నాకు చేతకాదు. వెంటనే పరాంకుశం గారికి ఫోన్ చేసి, "అవి గుమ్మడికాయలండీ" అన్నాను.

"మాస్టారూ, వివరాలు ఫోన్లో చెప్పకండి. నూటికి నూరు హాజరు. ఒక్క పిల్ల ముఖం బయటికి పోలేదు. రెండు యాప్‌లూ పచ్చగా ఉన్న బడి జిల్లాలో మీదొక్కటే. మీ నమూనా చూడ్డానికి ప్రత్యేకాధికారి గారు స్వయంగా వస్తున్నారు!"

బాలముఖ సంరక్షణ ప్రత్యేకాధికారి కోదండపాణి గారు మెడలో రెండు గుర్తింపు కార్డులతో వచ్చారు. ఆయన జేబులో ఫోన్ ఉంది. ఫోన్ ఉన్నవారి ఎదుట పిల్లల ముఖాలు ఉండరాదు గనుక, పిల్లలు గోడవైపు తిరిగి నిలబడ్డారు. బల్లల మీద గుమ్మడికాయలు వరసగా కూర్చున్నాయి. ఆయన వాటిని చూసి చాలా సంతృప్తి చెందారు.

"ప్రియమైన బాలబాలికలారా! అంతర్జాలమనునది ఒక మహాసముద్రము. మీ వంటి సుకుమారులు అందు దిగునప్పుడు ఎట్లుండవలెను?"

గుమ్మడికాయలు ఏమీ అనలేదు.

"చూశారా ఆ ఏకాగ్రత!" అన్నారు పరాంకుశం గారితో. తర్వాత మొదటి వరసలోని కాయ ముందు వంగి, "బాబూ, నీ పాస్‌వర్డు ఏమిటి? నాకు చెప్పు" అన్నారు. జవాబు రాలేదు. పక్క కాయను అడిగారు. అదీ చెప్పలేదు. వరసంతా అడిగి, చివరికి రుమాలుతో కళ్ళద్దుకున్నారు.

"ఒక్కరు కూడా చెప్పలేదండీ! పోయినవారం జిల్లా సమీక్షలో మా సిబ్బందిని అడిగితే ఆరుగురు చెప్పేశారు."

అప్పుడు గోడ దగ్గర ఒక చెయ్యి లేచింది.

"సార్, మా యమ్మ ఫోన్ల నాను ఆట ఆడతంటే, అందులో ఎవలో నీ ఫోటో పంపు అన్నాడు సార్. ఏటి సెయ్యాల?"

గదిలో ఒక్కసారిగా అందరం కదిలాం, గుమ్మడికాయలు తప్ప.

"ఎవరది మాట్లాడునది?" అన్నారు కోదండపాణి గారు, అటు చూడకుండా. "ప్రశ్నలు నమోదైన ముఖము ద్వారా రావలెను."

లోహిత వెనక్కి నడుచుకుంటూ వచ్చి, తన కాయ వెనక బల్ల కింద కూర్చుని, మళ్ళీ మొదటినుంచీ అడిగింది. ఆయన కాయ కళ్ళలోకి దయగా చూశారు.

"మంచి ప్రశ్న. అయితే ఇది మా పరిధిలోనిది కాదు. మాది ముఖ విభాగము. సందేశములకు వేరే విభాగము రావలసియున్నది. వచ్చినప్పుడు అడుగుము." ఆ తర్వాత అందరివైపు, అంటే అన్ని కాయలవైపు తిరిగి ప్రకటించారు: "నేటినుండి ఈ జిల్లాలో నమోదైన ముఖమే విద్యార్థి!"

పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు. గోడ దగ్గరి పిల్లలు కూడా కొట్టారు, ఎటు కొట్టాలో తెలియక గోడకే.

వాళ్ళ జీపు మలుపు తిరిగేదాకా ఆగి, లోహిత వాళ్ళమ్మకు కబురు పెట్టాను. ఎర్నమ్మ జీడిపిక్కల కార్ఖానానుంచి నల్లబడ్డ వేళ్ళతోనే పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం వరండాలో కూర్చుని ఆమె ఫోన్ తెరిచాం.

ఎవరో ముక్కూమొహం తెలియనివాడు. ఆటలో నాణేలు ఇస్తానన్నాడు. నీ ఫోటో పంపు బంగారం అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. దాని కింద, ఇవాళ పొద్దున్నే లోహిత పంపిన ఫోటో ఉంది. గుడ్లురిమి చూస్తూ, నాలుక చాపి, ముందుపన్ను లేని గుమ్మడికాయ.

ఆ తర్వాత అవతలివాడు ఏమీ రాయలేదు.

ఎర్నమ్మ చెయ్యెత్తింది. "నీకు నా ఫోనిచ్చినందుకు..."

"కొట్టకమ్మా. ఇవాళ కొడితే రేపు చెప్పదు."

ఆమె చెయ్యి గాల్లో కాసేపు ఆగి, కూతురి తల మీదికి దిగింది. వాణ్ణి బ్లాక్ చేశాం. వాడిమీద ఫిర్యాదు నొక్కాం. ఆటలో కొత్తవాళ్ళు మాట్లాడే వీలు మూసేశాం. ఆ పిల్ల ఆట ఆడుకునేటప్పుడు ఫోన్ పొయ్యి దగ్గర, అమ్మకు కనబడేచోట ఉండాలని ముగ్గురం ఒప్పుకున్నాం. ఇదంతా అయ్యేసరికి అప్పలకొండమ్మ పెట్టిన టీ ఇంకా వేడిగానే ఉంది.

"నానేటి తప్పు సేసేనాండీ?" అంది లోహిత.

"లేదమ్మా. అడిగావు, చెప్పావు. ఇంత పెద్ద జిల్లాలో ఇవాళ సరైన పని చేసింది నువ్వొక్కదానివే."

ఆ సంబరంలో నేనొక పొరపాటు చేశాను. సంగతంతా పరాంకుశం గారికి చెప్పాను.

"మాస్టారూ... నమోదైన ముఖమే విద్యార్థి అన్నారు కదా అయ్యగారు."

"అన్నారండీ."

"అంటే నమోదైన విద్యార్థి ముఖం ఒక అపరిచితుడికి చేరిపోయినట్టే కదా."

"అది గుమ్మడికాయండీ."

"నిన్నటిదాకా గుమ్మడికాయ. ఉత్తర్వు తర్వాత కాదు."

మూడు రోజుల్లో ఆదేశం వచ్చింది. మా బడిలో ముఖభద్రత లోపించినది గనుక, పాఠశాలను మూసివేసి, విద్యార్థులందరినీ ప్రహరీ, గేటు, కెమెరాలు గల పెద్ద బడికి సోమవారం ఉదయం తరలించవలెను.

సోమవారం తల్లులందరూ పనులు మానుకుని వచ్చేశారు. ఎర్నమ్మ కొడుకును ఎత్తుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడింది. మాకు గేటు లేదు. అది ఉండాల్సిన చోట నిలబడింది.

"ఆ రోడ్డు దాటించి గుంటల్నంపమంటే నానంపను మాస్టారూ. సదువు నేకపోయినా బతుకుతారు. లారీ కిందడితే బతుకుతారేటి?"

పోయి ఆమె పక్కన నిలబడ్డాను. పెద్ద వ్యాన్ ఒకటి, దాని వెనకే జీపూ వచ్చి ఆగాయి. పరాంకుశం గారు జీపు దిగి, కాగితం చూస్తూ గట్టిగా చదివారు.

"తరలింపు నమోదైన ముఖములకు మాత్రమే. నమోదు లేనివారిని వాహనమున ఎక్కించిన సిబ్బందిపై చర్య తీసుకొనబడును."

చదివి ఆగారు. మళ్ళీ మనసులో చదువుకున్నారు. ఎర్నమ్మ నా వైపు చూసింది. నేను నెమ్మదిగా పక్కకు తప్పుకుని దారిచ్చాను. ఎర్నమ్మ కూడా తప్పుకుంది.

వ్యాన్‌లో గడ్డి పరిచారు. గుమ్మడికాయలను ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి ఎక్కించారు. ఒకతను రిబ్బను కాయను విసిరినట్టు పెడితే పరాంకుశం గారు కసిరారు. "మెల్లగా! పిల్లలయ్యా!"

"మాస్టారండీ, నాది కిటికీ పక్కన ఎట్టమనండి" అంది లోహిత. పెట్టారు.

రోడ్డు దగ్గర ఇద్దరు పోలీసులు చేతులు అడ్డం పెట్టి రెండు వైపులా లారీలు ఆపేశారు. ఇన్నేళ్ళలో మా బడివాళ్ళ కోసం ఆ రోడ్డు ఆగడం అదే మొదటిసారి. వ్యాన్ ఊరేగింపులా దాటి అవతలి గేటులోకి వెళ్ళింది. పిల్లలు చేతులూపారు.

పరాంకుశం గారు ఫోన్‌ను జీపులో పెట్టి వచ్చారు. అప్పుడు మొదటిసారిగా మా పిల్లలవైపు తిరిగి చూశారు. వాళ్ళూ ఆయన్ని చూశారు. లోహిత తమ్ముడు ఆయనకు నాలుక చూపించాడు.

"మరి వీళ్ళ సంగతి ఏమిటండీ?" అన్నాను.

"వీళ్ళా? వీళ్ళు సిస్టమ్‌లో లేరు మాస్టారూ." గొంతు తగ్గించారు. "లేనివాళ్ళను ఎక్కడికీ పంపలేం కదా. మిమ్మల్ని ఖాళీ భవనానికి కాపలా వేస్తాను. భవనంలో ఎక్కాలూ గిక్కాలూ వినిపిస్తే... చెవికి హాజరు లేదని నేనే కదా చెప్పాను." జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఏడెనిమిదులు యాభై ఆరు. అక్కడ తడబడేవాడు ఎవడో చూడండి" అన్నారు.

ఇప్పుడు మా బడి లేదు. బాగా నడుస్తోంది.

పెద్ద బడినుంచి మాత్రం ఒక నివేదిక వెళ్ళిందని విన్నాను. కొత్తగా చేరిన ఇరవై ఇద్దరు విద్యార్థులు క్రమశిక్షణతో ఉన్నారు గాని, గుడ్లు ముట్టడం లేదట. కోదండపాణి గారు కంగారుపడి ఒక సలహాదారును పంపించారు. ఆవిడ ఒక పూటంతా వాళ్ళతో కూర్చుని, పిల్లలు పాత బడి మీద బెంగతో ముభావంగా ఉన్నారని రాసిందట. ముట్టని గుడ్లను ఏం చెయ్యాలో ఎందులోనూ రాసిలేదు గనుక, గవరయ్య తిరుగుదారిలో వాటిని మా ఖాళీ భవనం వరండాలో దించి వెళ్ళిపోతాడు. అప్పలకొండమ్మ దారం దాచేసింది.

ఉదయం హాజరుకు నా దగ్గర ఇప్పుడు యాప్ లేదు. పేరు పిలుస్తాను, తలెత్తి చూస్తాను.

"లోహితా."

"ఉన్నానండీ."

నిన్న ఆ 'ఉన్నానండీ'లో ఈల వినబడలేదు. దగ్గరికి పిలిచి నోరు తెరవమన్నాను. కొత్త పన్ను సగం దాకా వచ్చింది, కొంచెం వంకరగా, బియ్యపుగింజలా తెల్లగా.

"మాస్టారండీ, రోడ్డుకవతల నా గుమ్మడికాయకీ పన్నొచ్చుంటాదా?"

"దానికి రాదమ్మా."

"పాపం" అంది ఆ పిల్ల, ఆ పన్ను కనబడేలా నవ్వుతూ. "దానికి ఎవలో ఒకలు సెప్పాలండీ."